చుక్క నీళ్లు తగలని గిన్నెలు

ఓబుళమ్మ పెట్టెలు మద్రాసు రేవులో ఆగిపోయాయని నాకు మొదట చెప్పింది ఖాజా అన్న. అది 2001 మే నెల. కదిరిలో మా పార్సిలు ఆఫీసు పక్కనే ఆయన ఎస్‌టీడీ బూతు. మాకు అప్పటికింకా సొంత ఫోను లేదు. మద్రాసు నుంచి ఏ కబురు వచ్చినా ఆయనే చెప్పులు కూడా మరచి, ఎండలో కాళ్లు కాలుతుంటే గబగబా వచ్చి చెప్పిపోయేవాడు.

"అమ్మా, సెల్వం ఫోను చేసినాడు. ఆ గోరంట్ల ఆయమ్మ సామాను కస్టమ్సోళ్లు పక్కన పెట్టినారంట. ఒక్కో పెట్టె ఇప్పి చూస్తారంట. పాస్‌పోర్టు ఎత్తుకొని ఆయమ్మ రావల్లంట."

"ఏంటికి పెట్టినారంట అన్నా?"

"అది చెప్పలేదమ్మా. నువ్వు గూడా వస్తే బాగుంటాదన్నాడు. ఆ మాట మాత్రం మళ్లమళ్ల చెప్పినాడు."

ఆ చివరి మాటే నన్ను భయపెట్టింది. సెల్వం మా తరఫున రేవులో పని చూసే క్లియరింగ్ ఏజెంటు. ఓడ మీద వచ్చిన సరుకును కస్టమ్స్ వాళ్లకు చూపించి, కాగితాలు నడిపించి, బయటికి తెచ్చే మనిషి. ఎంతటి చిక్కునైనా తానే విప్పుకునేవాడు. అంతకు ముందు ఎన్నడూ నన్ను రమ్మని పిలవలేదు.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో కాస్త చెప్పాలి. నేను బడికి పోలేదు. నాయనే రోజూ దేవుని గూటి ముందు దీపం పెట్టి, ఆ వెలుగులో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఈనాటికీ ఆయనకు మనసులో మొక్కకుండా కలం పట్టను. పెళ్లయ్యాక మా ఆయన లారీల వెంట తిరుగుతుంటే ఆఫీసు బల్ల దగ్గర నేను కూర్చోవలసి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు పార్సిళ్ల మీది చీటీలు చూసి పట్టుకున్నవే. మొదట్లో మా దగ్గరికి వచ్చినవి పట్టుచీరల మూటలు, చింతపండు బస్తాలు. తొంభైల చివరికి వచ్చేసరికి, కువైట్ పోయిన మా వైపు ఆడవాళ్లు ఒకరొకరే తిరిగి రావడం మొదలైంది. మనిషి విమానంలో దిగుతుంది, సామాను వెనకాల ఓడ మీద వస్తుంది. దాన్ని విడిపించి వాళ్ల గడపకు చేర్చడం మా పనైంది. దేవుడు చూపిన అన్నం అదే.

ఈ పనికంతా ఆధారం ఒక్క నిబంధన. దాన్ని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అంటారు. పరాయి దేశంలో కొన్నేళ్లు ఉండి, అక్కడి కాపురం ఎత్తేసి వచ్చే మనిషి తాను వాడుకున్న ఇంటి సామాను తెచ్చుకుంటే, కొన్ని పెద్ద వస్తువులు తప్ప మిగిలినవాటికి సుంకం ఉండదు. వాడుకున్నది కావాలి, అంతే. కొత్తదైతే డ్యూటీ కట్టాల్సిందే. ఆ రోజుల్లో ఆ డ్యూటీ చిన్నదేమీ కాదు.

ఓబుళమ్మది గోరంట్ల అవతల ఒక పల్లె. మొగుడు పోయిన ఏడాదే అత్తగారింట్లో చోటు పోయింది. చెల్లెలి ఇంటి వసారాలో ఒక మూల పడుకుంటూ శెనక్కాయ చేలల్లో కూలికి పోయేది. వరసగా వానలు ఎత్తిపోయి ఆ కూలి కూడా లేకుండా పోయినప్పుడు కువైట్ వెళ్లింది. అక్కడ ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లు వంట చేసింది. తిరిగి వచ్చేనాటికి పంచాయతీ ఇచ్చిన జాగాలో ఆమె ఇంటికి రాతి గోడలు లేచి ఉన్నాయి. మిద్దె వేయాలి. దానికి కావలసిన దుడ్లు బ్యాంకులో వేసుకుని, వానలు పడేలోపల కప్పు పడాలని మేస్త్రీ చుట్టూ తిరుగుతోంది. ఇక కావలసింది ఓడ మీద వస్తున్న ఆ సామానే.

మద్రాసు బస్సులో నా పక్కనే కూర్చుంది. మా నరసింహస్వామికి ముడుపు కట్టి కొంగున వేసుకుంది.

"పెట్టెల్లో ఏమేం ఉండాయి ఓబుళమ్మా?" అని అడిగాను.

"ఒక సంసారానికి ఏం కావల్లో అన్నీ ఉండాయక్కా. కుక్కరు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, గిన్నెలు, పింగాణీ తట్టలు, కంబళ్లు. చీపురుకట్ట తప్ప అన్నీ ఉండాయి."

"అన్నీ వాడినవే గదా?"

"అన్నీ నావే అక్కా. ఒక్కటి గూడా ఒకరి దగ్గర చెయ్యి చాపి తెచ్చుకున్నేది గాదు. నెలనెలా జీతంలో కొన్నవి."

ఆ జవాబు నేను అడిగిన ప్రశ్నకు కాదని ఆ పూట నాకు తట్టలేదు. కిటికీలోంచి చూస్తూ ఆమె తన కొత్తింట్లో పొయ్యి ఏ మూల పెట్టాలో, గూళ్లు ఎన్ని ఉండాలో చెబుతూనే ఉంది.

రేవులో బ్యాగేజ్ షెడ్డు రేకుల కప్పుది. లోపల వేడి బట్టీలాగా ఉంది. ఓబుళమ్మ పెట్టెలు ఒక వరసలో పెట్టి ఉన్నాయి. వాటిమీద కువైట్‌లోని కార్గో వాళ్లు నల్ల రంగుతో ఆమె పేరు రాసి, ప్లాస్టిక్ పట్టీలు బిగించారు. సంతలో తప్పిపోయిన ఆవు కనబడినట్టు ఒక్కోదాన్నీ చేత్తో నిమురుతూ నడిచింది.

సెల్వం మమ్మల్ని పక్కకు పిలిచాడు. మద్రాసులో పుట్టి పెరిగిన అరవ మనిషి, అయినా తెలుగు బాగానే మాట్లాడేవాడు.

"చూడమ్మా, ఆఫీసరు ఏం అడిగినా ఒకే మాట. 'వాడినాను సార్.' కుక్కరా, వాడినాను. మిక్సీయా, వాడినాను. ఇంకో మాట వద్దు. కార్గోవాళ్లు పేపర్లో అట్లే రాసుండారు."

"సరేన్నా" అంది ఓబుళమ్మ.

పాఠం చెప్పించుకుని చెప్పే నిజం నాకు ఎప్పుడూ రుచించదు. కానీ అవి నిజంగానే వాడినవి అయ్యుంటాయి, భయపడకుండా చెప్పమంటున్నాడు అనుకున్నాను.

అప్రైజర్ వచ్చాడు. సరుకు చూసి దాని విలువ, దాని మీద పడే సుంకం తేల్చే ఆఫీసరును అలా పిలుస్తారు. నడివయసు మనిషి. మాట నెల్లూరు వైపుది. ఓబుళమ్మను చూసి, "కూర్చోమ్మా" అని ఒక స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

మొదటి పెట్టె కోశారు. లోపల కుక్కరు, దాని అట్టపెట్టెలోనే. కంపెనీ వేసిన టేపు కూడా ఊడలేదు. రెండో పెట్టెలో మిక్సీ. తరువాతి దాంట్లో స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి, నడుమ నడుమ కాగితాలు. పింగాణీ తట్టలకు అరబ్బీలో ధర రాసిన చీటీలు అలాగే అంటుకుని ఉన్నాయి. కంబళ్లు జిప్పు సంచుల్లో మడత నలగకుండా ఉన్నాయి.

ఆఫీసరు ఆమెను కాదు, నన్ను చూశాడు. "ఏమ్మా, ఇది ఇంటి సామానా, అంగడి సామానా?"

ఆయన ఓబుళమ్మ వైపు తిరిగాడు.

"ఈ కుక్కర్ వాడారా?"

"వాడినా సార్."

"రబ్బరు ఇంకా కవర్లోనే ఉంది కదమ్మా."

"కడిగి మళ్ల కవర్లో పెట్టినా సార్."

"మిక్సీ?"

"వాడినా సార్."

"ఏం చేశారు దాంట్లో?"

"చెట్నీ."

"వైరుకు చుట్టిన దారం కంపెనీది. చెట్నీ నూరుకుని, మళ్లీ కంపెనీకి పంపి కట్టించుకొచ్చారా?"

పెట్టెలు మోసే కూలీలు నవ్వారు. ఓబుళమ్మ నవ్వలేదు. ముఖం చిన్నబుచ్చుకుని నేలచూపులు చూస్తోంది. అయినా మాట మీద నిలబడే ఉంది. ఇంకొంచెంసేపు అలాగే నిలబడి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు.

ఇంతలో ఆ కూలీల్లో ఒకతను, పాపం పొద్దుటి నుంచీ బరువులు మోసి గొంతు ఎండిపోయిందేమో, చేతికందిన స్టీలు గిన్నె ఒకటి తీసుకుని గోడవారన ఉన్న కొళాయి వైపు నడిచాడు. కొళాయి తిప్పాడు.

ఓబుళమ్మ పెట్టెల మీంచి దాటుకుని పరుగెత్తింది. "వద్దు నాయనా, వద్దు. దానికి నీళ్లు తగలనీకు. అది కొత్తింటికి పెట్టుకున్నేది. దాంట్లో పాలు పొంగించల్ల. తొమ్మిదేండ్లుగా ఒక్క చుక్క పడనీకుండా దాచినా అన్నిటినీ."

గిన్నె అతని చేతిలోంచి లాక్కుని, కొంగుతో తుడిచి, గుండెకు అదుముకుంది. కొళాయి అలాగే పారుతోంది. సెల్వం నుదుటి మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగాడు. తను ఏం చెప్పేసిందో ఓబుళమ్మకు మా ముఖాలు చూశాకే తెలిసింది.

మా వైపు ఆచారం చాలామందికి తెలిసిందే. కొత్తింట్లో కాలు పెట్టేటప్పుడు కొత్త గిన్నెలోనే పాలు పొంగించాలి. ఒకరి ఎంగిలి, ఒకరి మసి అంటిన పాత్ర మొదటిసారి ఆ గడప దాటకూడదు. నేనూ అలా పెరిగినదాన్నే. ఆ ఆచారాన్ని ఇంత దూరం, ఇన్నేళ్లు పట్టుకుని నడిచిన మనిషిని మాత్రం అంతకు ముందు చూడలేదు. మన ఇంటి ఆచారం వాడనిదే మంచిదంటుంది, కస్టమ్స్ చట్టం వాడినదే నీదంటుంది. ఆ రెంటి మధ్య ఓబుళమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది.

ఆఫీసరు కొళాయి కట్టేయమని సైగ చేసి, మెల్లగా అడిగాడు.

"ఇవన్నీ దాచావు సరే. మరి తొమ్మిదేళ్లు దేంట్లో తిన్నావమ్మా?"

ఆమె చివరన ఉన్న చిన్న మూట వైపు చూపించింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కూలీ ముడి విప్పాడు. ఒక సత్తు తట్ట, లోటా, సొట్టలు పడిన ఒక సత్తు గిన్నె, పలచబడిపోయిన ఒక బొంత. అంతే.

"ఇదేనా?"

"ఇదే సార్. ఆ ఇంట్లో వంటంతా నేనే చేసేది. వాళ్ల గిన్నెలు వాళ్లవి. నావి సింకు కింద పెట్టుకునేది. వాళ్లందరూ తిన్న తర్వాత ఆ గిన్నెలో ఇంత అన్నం వండుకునేది."

"పడుకునేది?"

"వంటింట్లోనే, ఫ్రిజ్జు పక్కన. ఆడ సల్లగా ఉండేది." ఎవరూ అడగకపోయినా తనే చెప్పింది. "మేడం చెడ్డదేం గాదు సార్. జీతం ఏనాడూ ఆపలేదు. ఏటేటా ఇంట్లోకి కొత్తవి కొని, పాతవి నాకిస్తాననేది. మంచి మంచి గిన్నెలు, మిక్సీలు. నేనే వద్దనేదాన్ని. ఇంకొకరికి ఇమ్మనేదాన్ని. ఒకరు వాడిన గిన్నెలు మన కొత్తింటికి ఏంటికని."

ఇది విని, ఆమె కూర్చోకుండా వదిలేసిన ఆ స్టూలు మీద నేను కూర్చున్నాను. ఆ మేడం ఇచ్చిన పాతవి పుచ్చుకుని, ఆ తొమ్మిదేళ్లూ తానే వాడుకుని తెచ్చి ఉంటే ఈ షెడ్డులో ఆమెను ఆపేవాళ్లు లేరు. తినీ తినక తన జీతంతో కొన్నందుకు, కొన్నదాన్ని కళ్లకద్దుకుని దాచినందుకు ఆమె ఈ రోజు సుంకం కట్టాలి.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఇందాక నువ్వు వాడానన్న మాట నేను వినలేదనుకుంటాను. పేపర్లో తప్పు రాసినందుకు జరిమానా వేయొచ్చు, అదీ వేయను. కానీ కొత్తవాటిని డ్యూటీ లేకుండా వదిలిపెట్టడం నా చేతిలో లేదు. ఈ పాత మూట ఒక్కటి మాత్రం నీదే, తీసుకుని పో." ఎంత పడుతుందో ఒక కాగితం మీద వేసి నా ముందు పెట్టాడు. చూశాను. అది కడితే ఆమె మిద్దెకు ఒక బండ కూడా మిగలదు.

సెల్వం ఊరుకోలేక, "సార్, మాకు నాలుగు నాళ్లు టైము ఇవ్వండి. ఈడనే పొయ్యి పెట్టి రేవు మొత్తానికి వండి పెడతాం. అన్నీ పాతవైపోతాయి" అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. "రూలు అలా ఉంటే నేనే బియ్యం తెచ్చేవాణ్ణయ్యా" అన్నాడు.

ఆలోచించుకోవడానికి కూడా వ్యవధి లేదు. రేవులో సరుకు పడి ఉన్నందుకు రోజురోజుకూ పెరిగే అద్దెను డెమరేజ్ అంటారు. అది అప్పటికే నడుస్తోంది. ఇక మిగిలింది ఒక్క దారి, రెలింక్విష్‌మెంట్. ఈ సరుకు మీద నాకు హక్కు వద్దు, సర్కారే తీసుకోవచ్చు అని రాసివ్వడం. రాసిస్తే సుంకం కట్టక్కరలేదు. సామాను వేలానికి పోతుంది. ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పే పని నామీద పడింది. స్వామిని తలుచుకుని చెప్పాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెట్టెల వరస ఒకసారి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"దుడ్లు కట్టి ఇవి ఇడిపించుకుంటే మిద్దె పడదు. అంతే గదక్కా?"

"అంతే."

"మిద్దె లేని గోడల నడుమ మిక్సీ పెట్టుకొని ఏం చేసేది. వానకు తడిపేదానికా?" కొంగున ఉన్న ముడుపు ఒకసారి తడుముకుంది. "రాసీ అక్కా. యాడ ఏలి ముద్ర వేయల్లో చూపీ."

"అప్పో సప్పో చేసి కడదామా? మా ఆయనతో మాట్లాడతా" అన్నాను. మనసారా అన్న మాటే అది.

"వద్దక్కా. నీ మేలు యాడికీ పోదు. అప్పు మీద మిద్దె నిలబడదు."

ఆఫీసరు అప్పుడొక మాట చెప్పాడు. విదేశంలో పని చేసి వచ్చినవాళ్లకు ఊరికే వదిలే ఒక చిన్న పరిమితి ఉంటుంది, దానికి లోబడి ఏవైనా కొన్ని ఏరుకోమన్నాడు. ఆయన వాటి ధర కూడా తక్కువలో తక్కువగా కట్టాడని తరువాత సెల్వం చెప్పాడు. ఆ పుణ్యాత్ముడి పేరు నేను అడగలేదు, కానీ ఏ పూజలోనూ ఆయనను మరవలేదు.

గుండెకు అదుముకున్న ఆ గిన్నెనే తీసుకుంటుందని నేను అనుకున్నాను. ఆమె కంబళ్లు తీసుకుంది.

"చెల్లెలి పిల్లోళ్లకు. అన్నేండ్లు వాళ్ల వసారాలో చోటిచ్చినారు గదా" అంది.

"మరి పాలు పొంగించేదానికి గిన్నె?"

"గిన్నె ఉండాది గదక్కా" అంటూ చేతిలోని స్టీలు గిన్నెను తెచ్చి, కాగితం మళ్లీ సర్ది, మిగతా గిన్నెల్లో ఇమిడ్చి పెట్టింది. షెడ్డు దాటేటప్పుడు వెనక్కి తిరిగి, "ఎవురు కొనుక్కుంటారో, వాళ్లింట్లో కడుపునిండా వండుకోనీ" అంది. ఆ మాటను ఆఫీసరు కూడా విన్నాడు. ఆయన మా వైపు చూడలేదు.

ఆ ఏడు వానలకు ముందే మిద్దె వేసుకుంది. కార్తీకంలో గృహప్రవేశానికి మా ఆయనా నేనూ వెళ్లాం. ఖాజా అన్న కూడా ఒక గడియారం పట్టుకుని వచ్చాడు. ఊరి ఆడవాళ్లంతా కొత్త పొయ్యి చుట్టూ చేరారు. నేను ధర్మవరం రోడ్డులోని అంగట్లో ఒక కొత్త గిన్నె కొని, పసుపు రాసి, సంచిలో పెట్టుకుని పోయాను. అది బయటికి తీసేలోపలే ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టేసింది. సొట్టలు పడిన సత్తు గిన్నె. కుంకుమ బొట్టు పెట్టి, పసుపు కొమ్ము కట్టి ఉంది.

వరసకు పెద్దమ్మ అయ్యే ముసలామె ముక్కున వేలేసుకుంది. "ఏందే ఓబుళమ్మా, పాత సొట్ట గిన్నెలో పాలు పొంగిస్తాండావా? ఊర్లో కొత్త గిన్నెలే దొరకలేదా? దుడ్లు కువైట్‌లోనే మరిచొచ్చినావా?"

ఓబుళమ్మ పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది.

"కొత్తవన్నీ నావి గాదన్నారు పెద్దమ్మా. మద్రాసులో అంత పెద్ద ఆఫీసరు అన్నీ ఇప్పి చూసి, ఇది ఒక్కటి మాత్రం నీదే, ఎత్తుకొని పో అన్నాడు. నాది గాని గిన్నెలో పాలు పొంగిస్తే స్వామికి పడుతుందా?"

పాలు తూర్పు వైపుకే పొంగాయి. నేను నా సంచి విప్పలేదు. ఆచారం తెలిసినదాన్ని, నియమం తప్పనిదాన్ని, ఆ రోజు ఆ పాత గిన్నెకు చేతులెత్తి మొక్కాను.

ఆ పని ఎన్నో ఏళ్లు చేశాను. ఆ తరువాత నా దగ్గరికి ఎవరు వచ్చినా, పెట్టెల్లో ఏముందని ముందు అడగడం మానేశాను. "నువ్వు ఆడ దేంట్లో తిన్నావు, దేనిమీద పడుకున్నావు?" అని అడిగేదాన్ని. కువైట్‌లో ఇంకా ఉన్నవాళ్లకు ఖాజా అన్న బూతు నుంచి చెప్పి పంపేదాన్ని, కొన్నవి దాచొద్దు, వాడుకోండి, నీళ్లు పోయండి, మసి పట్టనీయండి అని. కొందరు విన్నారు. ఎక్కువమంది "మంచి గిన్నెలక్కా, పాడైపోతాయి" అన్నారు. వాళ్లను నేను తప్పు పట్టలేను. అంతమంది జవాబుల్లోనూ ఒక తట్ట, ఒక గిన్నె, ఒక బొంత తప్ప మరొకటి రాలేదు. అది విన్న ప్రతిసారీ ఆ షెడ్డులో విప్పిన చిన్న మూటే నా కళ్లముందు మెదిలేది.

ఇది చదివిన అమ్మలకు, అక్కలకు నాదొక్క మనవి. మీ అటక మీద ఎప్పటికో అని దాచిన గిన్నె ఏదైనా ఉంటే, ఈ రోజే దింపి, ఇంత అన్నం వండండి. అది ఉడికేటప్పుడు గోరంట్ల అవతలి ఓబుళమ్మను ఒక్కసారి తలుచుకోండి.